షార్కో కుర్చీ నుంచి మర్దన బల్ల దాకా

పందొమ్మిదో శతాబ్దం చివర్లో ప్యారిస్‌లోని సాల్పెత్రియేర్ ఆసుపత్రికి వచ్చే వణుకు రోగుల్లో కొందరు ఒక విచిత్రమైన సంగతి చెప్పేవారు. రైల్లోనో గుర్రపు బండిలోనో గంటల తరబడి ప్రయాణం చేసి దిగితే ఒళ్లు తేలికపడుతోందట. బిగుసుకుపోయిన కాళ్లూ చేతులూ కాస్త వదులవుతున్నాయట. ఆ రోజుల్లో దూరప్రయాణమంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే ఒళ్లు హూనమయ్యేది. అన్ని కుదుపుల మధ్య వీళ్లకు హాయి ఎలా దొరికింది?

ఆ ఆసుపత్రిలో నరాల వైద్యానికి పెద్ద దిక్కు జాఁ మార్టిన్ షార్కో. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఆరుగురు రోగులను చూసి వర్ణించిన జబ్బుకు ఆయన పేరే స్థిరపడేలా చేసింది షార్కోనే. రోగుల మాటను ఆయన కొట్టిపారేయలేదు. రైలుపెట్టె కుదుపులను ఏకంగా ఆసుపత్రి గదిలోకే తెచ్చాడు. కరెంటు మోటారుతో అదిరే కుర్చీ ఒకటి చేయించి, రోగులను అందులో అరగంట చొప్పున కూర్చోబెట్టాడు. దిగినవాళ్లు ఒళ్లు తేలికైందన్నారు, రాత్రి నిద్ర పట్టిందన్నారు. 1892లో షార్కో ఈ ‘కంపన వైద్యం’ మీద ఉపన్యాసం కూడా ఇచ్చాడు. శిష్యుడు జిల్ ద లా టూరెట్ అదే సూత్రంతో తలకు పెట్టుకునే అదిరే టోపీ తయారుచేశాడు. మరుసటి ఏడాది షార్కో చనిపోయాడు. కుర్చీ మూలన పడింది.

దాని దుమ్ము దులిపింది షికాగోలోని రష్ విశ్వవిద్యాలయం వైద్యులు. 23 మంది పార్కిన్సన్స్ రోగులను లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టు కంపించే ఆధునిక కుర్చీలో కూర్చుంది. రెండో జట్టు కంపనమేమీ లేకుండా మనసుకు హాయిగొలిపే శబ్దాలు వింటూ కూర్చుంది. నెల తర్వాత కదలికలను పరీక్షిస్తే మొదటి జట్టు మెరుగుపడింది. రెండో జట్టూ మెరుగుపడింది! రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. 2012లో ఈ ఫలితం అచ్చయింది.

పార్కిన్సన్స్‌కు మర్దన పనిచేస్తుందా అని అడిగేవారు ముందు ఈ కుర్చీ దగ్గర కాసేపు ఆగాలి. రోగులకు కలిగిన సుఖం కల్పన కాదు, కొలిస్తే కనిపించింది. అయితే దాన్ని ఇచ్చింది అదురా, అరగంట కదలకుండా కూర్చోవడమా, తన కోసం ఒకరు శ్రద్ధ తీసుకుంటున్నారన్న భరోసానా? మర్దన మీద వచ్చిన ప్రతి పరిశోధననూ ఈ ప్రశ్నే వెంటాడుతుంది.

జబ్బు మూలం మెదడు లోతుల్లో ఉంది. మధ్య మెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న నల్లటి ప్రాంతం ఉంటుంది. అక్కడి కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసి, కదలికలను నడిపే ఇతర కేంద్రాలకు అందిస్తాయి. ఆ కణాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతుంటే మెదడు చాలాకాలం సర్దుకుపోతుంది. చెయ్యి వణుకుతోందని ఇంట్లోవాళ్లు గమనించేసరికి దాదాపు సగమో అంతకంటే ఎక్కువో పోయి ఉంటాయి. ఇక నడక మందగిస్తుంది, చేతిరాత చిన్నదవుతుంది, గొంతు తగ్గుతుంది, ముఖంలో కవళికలు మాయమవుతాయి. ఒళ్లు కొయ్యబారుతుంది. 1990లో ప్రపంచం మొత్తం మీద సుమారు 25 లక్షల మందికి ఈ జబ్బు ఉంటే, 2016 నాటికి ఆ సంఖ్య 61 లక్షలకు చేరిందని అంచనా.

కొయ్యబారడం ఎలా ఉంటుందో న్యూరాలజిస్టు పరీక్ష చూస్తే తెలుస్తుంది. రోగి చేతిని వదులుగా వదిలేయమని చెప్పి, ఆయన ఒక చేత్తో మోచేతి కింద ఆసరా పెడతాడు. ఇంకో చేత్తో మణికట్టు పట్టుకుని మెల్లగా ముడుస్తాడు, చాస్తాడు. మామూలు చెయ్యి ఎటు లాగితే అటు వస్తుంది. ఈ చెయ్యి మాత్రం లోపలెక్కడో పళ్లచక్రం తిరుగుతున్నట్టు టక్, టక్‌మని ఆగి ఆగి వస్తుంది. అనుమానంగా ఉంటే రెండో చేతి పిడికిలి మూస్తూ తెరుస్తూ ఉండమంటాడు. ఆ పని మొదలుపెట్టగానే, వైద్యుడి చేతిలో ఉన్న మొదటి చెయ్యి ఇంకా బిగుస్తుంది. ఫ్రెంచి వైద్యుడు ఫ్రోమాఁ పేరు మీద నేటికీ నడుస్తున్న పరీక్ష ఇది.

ఎడమచెయ్యి పని చేస్తే కుడిచెయ్యి బిగిసిందంటే, బిగుసుకోమన్న ఆజ్ఞ కుడిచేతి కండరంలో పుట్టలేదు. పైనుంచి, మెదడు నుంచి వస్తోంది. అందుకే ఎంత మంచి నూనె రాసినా, ఎంత నేర్పుగా పిసికినా మర్దన ఆ ఆజ్ఞను రద్దు చేయలేదు. చచ్చిన కణాలను తిరిగి తేలేదు. వణుకు రోగం మర్దనతో నయమవుతుందని ప్రకటన ఇచ్చేవాళ్లను నమ్మనక్కర్లేదు.

అలాగని మర్దన చేసే చేతికి పనేమీ లేదనుకోవడమూ పొరపాటే. మెదడు పంపిన బిగింపును నెలల తరబడి మోసేది కండరమే. మెడ ముందుకు వాలుతుంది, నడుం వంగుతుంది, మోచేతులు ఒంటికి అంటుకుంటాయి. ఆ భంగిమలోనే ఉండిపోయిన కండరాలు పొట్టిబడతాయి, కీళ్లు పట్టేస్తాయి, నొప్పులు మొదలవుతాయి. ఎందరికో వణుకు కంటే ముందు భుజం పట్టేస్తుంది. ఎముకల డాక్టరు దగ్గర భుజానికి వైద్యం చేయించుకుంటూ ఉండగానే అసలు జబ్బు బయటపడుతుంది. రాత్రి పక్క మీద అటు నుంచి ఇటు తిరగలేక నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే మర్నాడు బిగింపు, ఆందోళన రెండూ పెరుగుతాయి. ఆందోళన పెరిగితే వణుకూ పెరుగుతుంది. మర్దనకు అందేవి ఇవే: నొప్పి, పొట్టిబడిన కండరం, నిద్ర, ఆందోళన.

చర్మానికీ ఇందులో వాటా ఉంది. వెంట్రుకలున్న చర్మంలో సి-టాక్టైల్ తంతువులనే సన్నటి నాడులు ఉంటాయి. మనుషుల్లో వాటి తీరును ఎక్కువగా వెలికితీసింది స్వీడన్ శాస్త్రవేత్తలు. చురుక్కుమనే స్పర్శకూ వేగంగా రుద్దడానికీ ఇవి అంతగా స్పందించవు. వెచ్చటి చెయ్యి సెకనుకు మూడు సెంటీమీటర్ల చొప్పున, తల్లి బిడ్డ వీపు నిమిరే వేగంతో సాగితే బాగా పలుకుతాయి. ఆ సంకేతం తగిలింది ఎక్కడన్న లెక్క కంటే, బాగుందా లేదా అన్న అనుభూతిని చూసే ఇన్సులా అనే మెదడు భాగానికి చేరుతుంది. ముంజేతి మీద మోచేయి నుంచి మణికట్టు దాకా ఒక్కసారి నిమరడానికి ఎనిమిది, తొమ్మిది సెకన్లు పట్టాలన్నమాట. మన మాలీషుల్లో అంత ఓపిక అరుదు.

ఇక ప్రయోగాలు. అమెరికాలోని మయామి విశ్వవిద్యాలయంలో టిఫనీ ఫీల్డ్ 1992లో స్పర్శ పరిశోధన కోసమే ఒక సంస్థను స్థాపించారు. అక్కడి బృందం 2002లో 16 మంది పార్కిన్సన్స్ రోగులతో చిన్న ప్రయోగం చేసింది. కొందరికి వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున అయిదు వారాలు మర్దన చేశారు. మిగిలినవారి చేత కండరాలను వరసగా బిగించి వదిలే విశ్రాంతి సాధన చేయించారు. మర్దన పొందినవాళ్లు రోజువారీ పనులు మెరుగ్గా చేసుకోగలుగుతున్నారని వైద్యుల అంచనాలో తేలింది. వాళ్ల మూత్రంలో ఒత్తిడి హార్మోన్లూ తగ్గాయి.

నాలుగేళ్ల తర్వాత అట్లాంటాలోని ఎమొరీ విశ్వవిద్యాలయం నుంచి మరో ఫలితం వచ్చింది. 36 మందిలో కొందరికి కండరాల్లో ముడిపడ్డ చోట్ల వేళ్లతో నిలిపి ఒత్తే లోతైన మర్దన చేశారు. తక్కినవారికి సంగీతం వినిపిస్తూ విశ్రాంతి ఇచ్చారు. వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు. మర్దన జట్టులో కదలికలు, ముఖ్యంగా వణుకు మెరుగుపడ్డాయి. సంగీతం జట్టులో మనసు కుదుటపడింది, ఆందోళన తగ్గింది. షికాగో కుర్చీ ప్రయోగంలో కనిపించని తేడా ఇక్కడ కనిపించింది. కానీ 36 మంది మీద నాలుగు వారాల పరిశీలనతో ఒక వైద్యాన్ని ఖాయం చేయడం కుదరదు.

జపాన్ కథ వేరు. అక్కడ ‘అమ్మా’ అనే సంప్రదాయ మర్దన ఉంది. నూనె వాడరు, బట్టల మీది నుంచే చేస్తారు. పదిహేడో శతాబ్దంలో సుగియామా వాయిచి అనే అంధ వైద్యుడు సూదులతో చేసే ఆక్యుపంక్చర్‌నూ మర్దననూ చూపులేనివారికి నేర్పే బడులు నెలకొల్పాడు. అప్పటి నుంచీ అది వాళ్లకు గౌరవమైన జీవనోపాధి. చూపు, వినికిడి లోపాలున్న విద్యార్థుల కోసమే నడిచే త్సుకుబా సాంకేతిక విశ్వవిద్యాలయంలో దోనోయామా నొజోమి బృందం ఈ మర్దనను పార్కిన్సన్స్ రోగుల మీద పరీక్షించింది. నలభై నిమిషాల మర్దనకు ముందూ తర్వాతా కొలతలు తీసుకున్నారు. ఒక్క విడతకే బిగింపు, నొప్పి, అలసట తగ్గాయని రోగులు చెప్పారు. అడుగు పొడవు పెరిగింది, నడక వేగం పెరిగింది, భుజం ఇంకాస్త పైకి లేచింది. లోటల్లా ఒక్కటే. ముందూ తర్వాతా చూశారు గానీ, మర్దన చేయని జట్టును పక్కన పెట్టి పోల్చలేదు.

పోల్చడం తేలిక కూడా కాదు. మందును పరీక్షించాలంటే అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర తయారుచేస్తారు. ఉత్తుత్తి మర్దన ఎలా చేస్తారు? వీపు మీద చెయ్యి వేసి ఊరికే ఉంచినా అదీ స్పర్శే. చేయించుకునేవాడికీ తెలుస్తుంది, చేసేవాడికీ తెలుస్తుంది.

ఈ చిక్కు పార్కిన్సన్స్‌లో మరీ ఎక్కువ. కెనడాలోని వాంకూవర్‌లో 2001లో రోగులకు మందు లేని ఉత్తుత్తి సూది వేసి మెదడును పెట్ స్కాన్‌తో చూశారు. మందు అందుతుందన్న ఆశకే మెదడు డోపమైన్ వదిలింది. ఏ రసాయనం కొరవడి ఈ జబ్బు వచ్చిందో, ఆశ విడుదల చేయించింది సరిగ్గా దాన్నే. ఒహాయోలోని సిన్సినాటి వైద్యులు 2015లో ఇంకో అడుగు ముందుకేశారు. 12 మంది రోగులకు ఉప్పునీటి సూదులే వేసి, ఒకటి వంద డాలర్ల మందనీ మరొకటి పదిహేను వందల డాలర్ల మందనీ చెప్పారు. ఖరీదైనదని చెప్పిన సూది తర్వాత కదలికలు ఎక్కువ మెరుగుపడ్డాయి. వేలు పోసి మర్దన ప్యాకేజీ కొనుక్కున్నవారికి మొదటి వారంలో కలిగే ఉత్సాహం ఎంతవరకు నూనెదో, ఎంతవరకు ఖర్చుదో తేల్చుకోవాలంటే ఈ ప్రయోగం గుర్తుండాలి.

తెలుగు ఇళ్లలో ఈ చర్చ ఎక్కువగా ఆయుర్వేదం దారిన వస్తుంది. ఈ జబ్బును పోలిన కంపవాతానికి తైల అభ్యంగనం, అంటే నూనె మర్దన, చెమట పట్టించే స్వేదనం, ఆపైన కషాయాలు పాత పద్ధతే. కేరళలోని కొట్టక్కల్‌లో ఈ చికిత్స పొందిన 18 మంది మీద పరిశీలన 2000లో అచ్చయింది. వారిలో 13 మందికి తైలం, స్వేదనంతో కూడిన శోధన చికిత్స చేసి తర్వాత మందు ఇచ్చారు. మిగతావారికి మందు మాత్రమే ఇచ్చారు. పనులు చేసుకోవడంలోనూ కదలికల్లోనూ చెప్పుకోదగ్గ మెరుగుదల మొదటి జట్టులోనే కనిపించింది. ఇక్కడితో ఆపితే అభ్యంగనం గెలిచినట్టే. కానీ పరిశోధకులు ఆ మందును ప్రయోగశాలలో విశ్లేషిస్తే ఒక్కో మోతాదులో దాదాపు 200 మిల్లీగ్రాముల ఎల్-డోపా తేలింది. మెదడులో డోపమైన్‌గా మారే పదార్థం అదే. సిన్‌డోపా వంటి మాత్రల్లో ఉండే లెవోడోపా కూడా అదే.

అది వచ్చింది దూలగొండి గింజల నుంచి. చేలగట్ల మీద కాయ నూగు తగిలితే ఒళ్లంతా దురద పుట్టించే ఆ తీగ గింజల్లో ఎల్-డోపా ఉందని 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి వేరుచేసి చూపారు. అమెరికాలో జార్జి కోట్జియాస్ దాన్ని పెద్ద మోతాదుల్లో ఇచ్చి రోగులను లేపి నడిపించింది 1967లో. కొట్టక్కల్ రోగుల్లో మర్దన వాటా ఎంత, గింజ వాటా ఎంత అన్నది 18 మందితో విడదీయడం కష్టం. కానీ ఒక హెచ్చరిక మాత్రం స్పష్టం. మాత్ర వేసుకుంటూనే దూలగొండి చూర్ణమూ తింటే మోతాదు తెలియకుండా పెరుగుతుంది. ఒళ్లు తనంతట తాను మెలికలు తిరగడం, భ్రమలు కలగడం, రక్తపోటు పడిపోవడం దాని పర్యవసానాలు. ఏ చూర్ణం వాడుతున్నా న్యూరాలజిస్టుకు చెప్పి తీరాలి.

ఇన్ని అనుమానాల మధ్య కూడా, మర్దన చేయించుకోవాలనుకునేవారిని వద్దనడానికి కారణం లేదు. చేసే తీరు మాత్రం ఈ జబ్బుకు తగ్గట్టు ఉండాలి.

మొదటిది వేళ. లెవోడోపా వేసుకున్నాక ఒళ్లు వశంలో ఉండే గంటలు కొన్ని, మందు దిగిపోయి బిగుసుకుపోయే గంటలు కొన్ని ఉంటాయి. మందు పనిచేస్తున్న వేళ చేస్తే కీళ్లు తేలిగ్గా కదులుతాయి, బల్ల ఎక్కడం దిగడం సులువవుతుంది. మర్దన కోసం మాత్ర వాయిదా వేయకూడదు.

రెండోది పడుకునే తీరు. బోర్లా పడుకోమంటే మెడ వంగినవాళ్లకు ఊపిరాడదు, అటు తిరగడమే ప్రయాస. పక్కకు తిప్పి, మోకాళ్ల మధ్య దిండు పెట్టి చేయడం మేలు. కుర్చీలో కూర్చోబెట్టి మెడ, భుజాలు, ముంజేతుల వరకు చేసినా చాలు. ఒత్తిడి మెల్లగా పెంచాలి. బిగుసుకున్న చేతిని ఒక్కసారిగా లాగితే అది ఇంకా బిగుస్తుంది. మెడ విరవడం, ‘టక్’మనిపించడం అసలే కూడదు. మర్దన చేస్తూ లెక్కలూ కబుర్లూ అడిగితే ఆ శ్రమకే వణుకు పెరుగుతుంది.

మూడోది లేచే ఘట్టం. పార్కిన్సన్స్‌లోనూ, దాని మందులతోనూ లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయి కళ్లు తిరగడం మామూలు. అరగంట హాయిగా పడుకున్నాక గభాలున లేస్తే పడిపోతారు. ముందు పక్కకు తిరిగి, కాళ్లు కిందికి దించి, రెండు నిమిషాలు కూర్చుని, మడమలు నాలుగుసార్లు ఎత్తి దించి అప్పుడు నిలబడాలి. నువ్వుల నూనె పట్టించి తలంటు పోసే ఇళ్లలో అసలు గండం బాత్‌రూమ్ గచ్చే. అరికాళ్ల నూనె గుడ్డతో పూర్తిగా తుడిచాకే అడుగు వేయించాలి. స్నానం కుర్చీలో కూర్చోబెట్టి చేయించాలి. తుంటి ఎముక విరిగితే మర్దనతో వచ్చిన లాభమంతా ఒక్క పూటలో పోతుంది.

నాలుగోది మెదడులో తీగ అమర్చుకున్నవారికి. హైదరాబాద్ నిమ్స్ వంటి చోట్ల చేసే డీబీఎస్ శస్త్రచికిత్సలో మెదడులోకి సన్నటి తీగలు దించి, చెవి వెనక నుంచి మెడ మీదుగా ఛాతీలోని బ్యాటరీకి కలుపుతారు. ఆ దారిలో గట్టిగా ఒత్తకూడదు. ఫిజియోథెరపీ కేంద్రాల్లో నొప్పికి ‘కరెంటు పెట్టే’ పద్ధతుల్లో డయాథర్మీ ఒకటి. అలాంటి తీగలున్నవాళ్లకు అది ప్రాణాంతకం. డయాథర్మీ వేడికి మెదడు దెబ్బతిని ఇద్దరు చనిపోయాక, 2002లో అమెరికా ఎఫ్‌డీఏ దీని మీద బహిరంగ హెచ్చరిక జారీచేసింది. మర్దనకు వెళ్లినా, ఫిజియోథెరపీకి వెళ్లినా డీబీఎస్ సంగతి మొదటి మాటగా చెప్పాలి.

ఖర్చు విషయంలో ఇంకో పోలిక అవసరం. వ్యాయామానికి ఉన్న ఆధారాలు మర్దనకు లేవు. ఒరెగాన్‌లో 195 మంది రోగులతో చేసిన తాయ్ చీ ప్రయోగంలో నిలకడ మెరుగుపడింది, పడిపోవడాలు తగ్గాయి. ఆ ఫలితం 2012లో వచ్చింది. 2018లో 128 మందితో ట్రెడ్‌మిల్ ప్రయోగం ఫలితాలు వెలువడ్డాయి. గుండె వేగం బాగా పెరిగేలా వారానికి నాలుగుసార్లు నడవమన్నవారిలో ఆరు నెలల పాటు కదలికలు దాదాపు దిగజారకుండా నిలిచాయి. అందువల్ల మర్దనకు డబ్బు పెట్టి వ్యాయామం మానేయడం తలకిందుల బేరం. మర్దనతో భుజం వదులైన గంటలోనే చేతులు పైకెత్తే వ్యాయామం, నడక చేయిస్తే రెండూ ఒకదానికొకటి తోడవుతాయి.

తమ ఇంట్లో మనిషికి మర్దన ఉపయోగపడుతోందా లేదా అన్నది కొంతవరకు ఇంట్లోవాళ్లే తేల్చుకోవచ్చు. మొదలుపెట్టే ముందు ఒక వారం, రోజూ ఒకే వేళకు నాలుగు సంగతులు నోటుపుస్తకంలో రాయాలి: చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పట్టిన నిమిషాలు, వరండా ఆ చివర నుంచి ఈ చివరకు వేసిన అడుగులు, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, నొప్పికి పదికి ఎన్ని మార్కులు. తర్వాత వారానికి రెండుసార్లు మర్దన చేయిస్తూ నాలుగు వారాలు రాయాలి. ఆపై రెండు వారాలు మర్దన ఆపి, రాయడం మాత్రం ఆపకూడదు. మధ్యలో మందు మోతాదు మారితే ఆ తేదీ కింద గీత గీయాలి. ఆ పుస్తకాన్ని తర్వాతి చెకప్‌కు తీసుకెళితే న్యూరాలజిస్టుకూ పనికొస్తుంది. అంకెల్లో తేడా కనిపిస్తే మర్దన కొనసాగించవచ్చు. కనిపించకపోతే ఆ డబ్బుతో నెలకు మరికొన్నిసార్లు ఫిజియోథెరపిస్టును ఇంటికి పిలిపించుకోవచ్చు.